28 మెగాహెర్ట్జ్‌లో పవర్ రావట్లేదు: ఫైనల్స్‌కు ఏ ట్రాన్సిస్టర్?

గుణుపురం_క్యూఆర్‌పీ:
ఓఎంలందరికీ (తోటి హ్యామ్‌లకు) నమస్కారం. నాది బిట్‌ఎక్స్ తరహా, ఇంట్లో కట్టుకునే హ్యామ్ రేడియో సెట్టు, 13.8 వోల్టులు. ఫైనల్స్‌లో, అంటే యాంటెనాకు పవర్ ఇచ్చే చివరి దశలో, పుష్‌పుల్‌గా (వంతులవారీగా పనిచేసేలా) రెండు ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు. 7 మెగాహెర్ట్జ్‌లో 10 వాట్లు, 28లో 2 వాట్లే. ఐఆర్ఎఫ్540 వేస్తే ఆంపియర్లు ఎక్కువ కదా, పెరుగుతుందా?

బల్లార్షా_ఓఎం:
540 అస్సలు వద్దండీ, ఇంకా పడిపోతుంది. ఇక్కడ ఆంపియర్లు కాదు, గేటు కెపాసిటెన్స్ చూడాలి. 510కి సుమారు 180 పికోఫారడ్లు, 530కి 670, 540కి 1700. 28 మెగాహెర్ట్జ్‌లో 1700 అంటే గేటు దగ్గర సిగ్నల్‌కు అడ్డు మూడున్నర ఓమ్‌లు కూడా లేదు, డ్రైవర్ (ఫైనల్స్‌కు ముందు దశ) దాన్ని ఊపలేదు. 510 అయితే 32 ఓమ్‌ల దాకా ఉంటుంది.

రాయగడ_40మీ:
గేటు ఒక్కటే కాదు. డ్రెయిన్ వోల్టేజీ తగ్గేకొద్దీ డ్రెయిన్ కెపాసిటెన్స్ పెరుగుతుంది, అందుకే 510కి 12 వోల్టులు చాలవు. ఫైనల్స్ డ్రెయిన్లకు మాత్రం 24 ఇవ్వండి, డ్రైవరూ బయాసూ (గేటుకు ఇచ్చే స్థిర వోల్టేజీ) 12 మీదే ఉంచండి. లోడు లెక్క కూడా మారుతుంది: 12 వోల్టుల స్వింగ్‌తో (డ్రెయిన్ వోల్టేజీ ఊగే మేర) 10 వాట్లకు రెండు డ్రెయిన్ల మధ్య 29 ఓమ్‌లు కావాలి, 22 వోల్టుల స్వింగ్‌తో 20 వాట్లకు 48. అది యాంటెనా వైపు 50 ఓమ్‌లకు దగ్గరే, అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 1:1 సరిపోతుంది. పాతది అలాగే వదిలేస్తే కరెంటు పెరిగి ఫైనల్స్ కాలుతాయి.

గుణుపురం_క్యూఆర్‌పీ:
బ్యాటరీ మీదే నడపాలండీ, 24 కుదరదు.

రాయగడ_40మీ:
అయితే ఆర్‌డీ16హెచ్‌హెచ్‌ఎఫ్1. అది 12.5 వోల్టులకే చేసింది, 30 మెగాహెర్ట్జ్‌లో 0.4 వాట్ల డ్రైవ్‌కి 16 వాట్లిస్తుంది. కాళ్ల వరస మాత్రం వేరు: 510ది గేటు-డ్రెయిన్-సోర్సు, దీనిది గేటు-సోర్సు-డ్రెయిన్. ట్యాబు (వెనక లోహపు రేకు) సోర్సే కాబట్టి హీట్‌సింక్‌కు మధ్య మైకా (కరెంటు తగలకుండా పెట్టే పలక) అక్కర్లేదు. 510 ట్యాబు డ్రెయిన్ కాబట్టి మైకా తప్పదు, ఆ మైకాతో ట్యాబూ హీట్‌సింకూ కలిసి ఇంకో కెపాసిటర్ అవుతాయి. ఆర్‌డీ16 డ్రెయిన్ హద్దు 50 వోల్టులే, డ్రెయిన్ వోల్టేజీ సరఫరాకు దాదాపు రెట్టింపు దాకా ఊగుతుంది, అందుకే దానికి 24 వోల్టులు ఇవ్వకండి.

సిరోంచ_73:
బయాస్ జర పైలం. ప్రీసెట్‌ను (బయాస్ సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్) ముందు సున్నాకు దించి, యాంటెనా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెట్టి, ఒక్కో ట్రాన్సిస్టర్‌కు బయాస్ కరెంటు విడిగా పెంచాలి. 510కి 50 నుంచి 100 మిల్లీయాంపియర్లు చాలు, ఆర్‌డీ16కి 250తో మొదలుపెట్టండి. వేడెక్కితే గేటు థ్రెషోల్డ్ తగ్గి కరెంటు తనంతట తానే ఎక్కుతుంది. బయాస్ లైన్‌లోని 1ఎన్4148 డయోడ్‌ను హీట్‌సింక్‌కు అతికించండి. మన దిక్కు ఎండకాలం 45 డిగ్రీలు. ఒక 510 లోపల 10 వాట్లు వేడైతే, వాటుకు లోపల 3.5, మైకా 1, హీట్‌సింక్ 3 డిగ్రీలు, కలిపి 7.5; పది వాట్లకు 75, ఎండ 45తో కలిపి లోపలి వేడి మొత్తం 120 డిగ్రీలు. చిన్న సింక్ పెడితే 150 దాటుతుంది.

పర్లాకిమిడి_రిగ్:
నకిలీలు చాలా తిరుగుతున్నాయి. సోల్డర్ చేసేముందు డ్రెయిన్, సోర్సు కలిపి గేటు కెపాసిటెన్స్ మీటరుతో కొలవండి. 510 అని రాసి ఉన్నదానికి వెయ్యి పికోఫారడ్లు దాటితే అది పెద్ద స్విచింగ్ మాస్‌ఫెట్‌కు వేసిన పేరు. పాత ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్ 2ఎస్‌సీ1969 అయితే నకిలీయే ఎక్కువ, కొత్త కట్టుబడికి దాని జోలికి పోవద్దు.

బల్లార్షా_ఓఎం:
ఇంకొకటి. ట్రాన్సిస్టర్ మారాక కూడా 28లో తగ్గితే, చివర హార్మోనిక్స్‌ను (సిగ్నల్‌కు రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలను) ఆపే లోపాస్ ఫిల్టర్ చూడండి. పై బ్యాండ్లకు ఎర్ర టొరాయిడ్ (తీగ చుట్టే రింగు) కాకుండా పసుపుది, టీ50-6, మేలు. ఫిల్టర్ తీసేసి పవర్ కొలవకండి, హార్మోనిక్స్ కూడా కలిసి మీటరు ఎక్కువ చూపిస్తుంది.