సంక్రాంతి వేడుక: వెబ్‌సైటు పనులు, వలంటీర్ల చర్చ

వెబ్‌సైటు చూసే వలంటీరు, కావలి:

డాలస్‌లో ఉన్న మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారందరికీ నమస్కారం. హాలు, వంటల సంగతి అక్కడ మీరు చూస్తున్నారు. నేను నమోదు పేజీ గురించే రాస్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

నిన్న మా పెదనాన్నగారి పక్కన కూర్చుని ఆ పేజీ తెరిపించాను. ఆయన ఇక్కడే ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. నీటికాసులతో చూపు పోయింది. ఫోనులో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వార్తలు వింటారు, బ్యాంకు పనులు సొంతంగా చేసుకుంటారు. జనవరిలో కొడుకు దగ్గరికి డాలస్ వస్తున్నారు. వేడుకకు తన పేరు తానే నమోదు చేసుకోవాలని ఆయన కోరిక.

పేజీ తెరవగానే ఫోను "చిత్రం" అని ఊరుకుంది. ఆ చిత్రం మన ఆహ్వానపత్రం. తేదీ, వేదిక, కార్యక్రమాలు అన్నీ దాని మీదే ఉన్నాయి, ఆయనకు ఒక్క ముక్క కూడా అందలేదు. కిందికి జరిగితే "బటన్, బటన్". భోజనం ఎంచుకోవడానికి మనం ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క పెట్టి, పక్కన మాట రాయకుండా వదిలేశాం. ఆయన మొదటిది నొక్కారు. అది చేపల పులుసు. ఆయన పుట్టి బుద్ధెరిగి మాంసం, చేప ముట్టలేదు. సంగతి చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. "వద్దులే నాయనా, వాడినే చేయమంటాను" అని ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. చుక్కల పక్కన "శాకాహారం", "చేపల పులుసు" అని ఈరోజే రాశాను, కోడులో బటన్లకూ అవే పేర్లు పెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారికీ ఇది పనికొస్తుంది.

అలంకరణ చూసే అక్క, డాలస్:

చదివి బాధ కలిగింది తమ్ముడూ. ఆ ఆహ్వానపత్రం నేనే చేయించాను. ఇప్పుడు తీసేయాలా?

వెబ్‌సైటు వలంటీరు:

అక్కర్లేదక్కా, అలాగే ఉంచుదాం. దాని కింద వివరాలన్నీ అక్షరాలుగా రాయాలి. ప్రెస్సు వారు పంపిన ఫైలు నుంచి తీసి అతికిస్తే మాత్రం కుదరదు. అది అను ఫాంట్లలో ఉంది. కంటికి తెలుగులా కనిపిస్తుంది కానీ, వెనుక ఉన్నవి వేరే సంకేతాలు, ఫోను వాటిని పిచ్చి గుర్తులుగా చదువుతుంది. ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నలు ఎవరైనా ఓపిగ్గా సరిచూడాలి. పేజీ భాష కోడులో ఇంగ్లిషు అని ఉంది, దాన్ని నేను తెలుగుకు మారుస్తాను.

బొమ్మకు వర్ణన మీరే రాయండి. "పండుగ చిత్రం" అంటే వినేవారికి ఏమీ తెలియదు.

అలంకరణ చూసే అక్క:

"పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి గాలిగోపురం, దాని ముందు ముగ్గు, పక్కన ఒంగోలు గిత్తల జత." సరిపోతుందా?

వెబ్‌సైటు వలంటీరు:

చాలా బాగుందక్కా. పెదనాన్నగారికి చదివి వినిపించాను. "గిత్తలకు గంటలు కట్టారా?" అని అడిగారు. కట్టి ఉంటే అదీ చేర్చండి.

టిక్కెట్లు చూసే అన్న, డాలస్:

అక్షరాలు పెద్దవి చేసే మీట ఒకటి పెడితే చాలదా తమ్ముడూ? సమయం తక్కువగా ఉంది.

వెబ్‌సైటు వలంటీరు:

చాలదన్నా. పేరు లేని బటన్‌కు ఆ మీట పేరు పెట్టలేదు. పసుపు మీద తెల్ల అక్షరాలు ఎంత పెద్దవైనా కళ్లు మసకబారిన వారికి కనబడవు. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్టు) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1. పసుపు అలాగే ఉంచి, అక్షరాలు ముదురు గోధుమ రంగులోకి మారిస్తే సరిపోతుంది.

మీ వైపు ఒక పని ఉంది. డబ్బు కట్టే పేజీ పది నిమిషాలకు చెప్పకుండా మూసుకుపోతోంది. చేతులు వణికేవారు, మౌసు పట్టుకోలేక ట్యాబ్ మీటతో ఒక్కో గడి దాటేవారు మళ్లీ మొదటి నుంచి నింపాలి. గడువు ముగిసేముందు హెచ్చరించి, ఒక్క మీటతో పెంచుకునే వీలివ్వాలి. అందుకు కనీసం 20 సెకన్లు ఇవ్వాలని ప్రమాణాల్లోనే ఉంది.

టిక్కెట్లు చూసే అన్న:

మా అత్తగారికి చేతులు వణుకుతాయి. పోయినసారి ఆవిడ మూడుసార్లు నింపారు, ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది. ఈ రాత్రే సరిచేస్తాను. కోలాటం వీడియోకు తెలుగులో అక్షరాలు నేను కూర్చుతాను, వినపడని వారు మన ఇళ్లలోనూ ఉన్నారు.

వెబ్‌సైటు వలంటీరు:

మంచిదన్నా. ఆదివారం కావలిలో రాత్రి 8, మీకు ఉదయం 8:30. పెదనాన్నగారు మళ్లీ కూర్చుంటానన్నారు. అందరం ఫోనులో ఉందాం. ఆయన అడిగేదాకా ఎవరూ ఏమీ చెప్పకండి.