టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం నిలబడట్లేదు

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:

అందరికీ నమస్కారం. మాది చిన్న ట్యూషన్ సెంటర్. కింద గదిలో రౌటరూ, నెట్‌ని అన్ని సిస్టమ్‌లకీ పంచే స్విచ్చూ, మేడ మీద నాలుగు కంప్యూటర్లు. గత నెలలో కొత్తగా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించాం. ఆ రోజు నుంచీ ఒకటే గోల. వీడియో క్లాసు మధ్యలో ఆగిపోతుంది, లింక్ స్పీడు 100 ఎంబీపీఎస్ దాటదు, నాలుగో సిస్టమ్‌లో కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. మిస్త్రీని పిలిస్తే టెస్టర్ పెట్టి చూపించాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా రెండు వైపులా వరసగా వెలిగాయి. "కేబుల్ బాగుంది, మీ స్విచ్ పోయింది" అని చెప్పి వెళ్లిపోయాడు. స్విచ్ మార్చాను. పద్దెనిమిది వందలు పోయాయి, తేడా ఏమీ లేదు. ఇంకాస్త మంచి టెస్టర్ కొంటే దొరుకుతుందా ఈ జబ్బు? ఏది కొనమంటారు?

జవాబు, బరంపురం నుంచి:

కేబులే మార్పించెయ్యండి మాస్టారూ. క్యాట్ 6 అని పెట్టె మీద రాసి, లోపల అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినది చాలానే అమ్ముతున్నారు. తీగని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే.

జవాబు, రాయగడ నుంచి:

తమ్ముడూ, కేబుల్ పీకించే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగు. నేను కెమెరాలు, నెట్‌వర్క్ పనులు చేస్తాను. ఈ కథ నాకు బాగా పరిచయం.

మూడు నాలుగు వందలకు దొరికే ఆ లైట్ల టెస్టర్ చేసేది ఒక్కటే పని. ఈ చివర ఒకటో పిన్‌లో కరెంటు పెడితే ఆ చివర ఒకటో లైటు వెలిగిందా లేదా అని చూస్తుంది. ఎనిమిదికీ అంతే. తీగ తెగితే లైటు వెలగదు, రెండు తీగలు తారుమారైతే వరస తప్పుతుంది. కానీ కేబుల్ లోపల తీగలు రెండేసి జతలుగా మెలికపడి ఉంటాయి, ఏ తీగ ఏ తీగతో మెలికపడి ఉందో దానికి తెలీదు. అసలు కేబుల్ పనిచేసేదే ఆ మెలిక వల్ల. జత విడిపోతే పక్క జత సిగ్నల్ ఇందులోకి కారుతుంది. పొట్టి ముక్కలో చాలాసార్లు తెలియదు, పొడవు పెరిగేకొద్దీ బయటపడుతుంది.

ప్లగ్గు పారదర్శకంగానే ఉంటుంది కదా, క్లిప్పు కిందకి వచ్చేలా, బంగారు పళ్లు పైకి వచ్చేలా పట్టుకుని ఎడమ నుంచి రంగులు చదివి ఇక్కడ రాయి. రెండు చివరలూ చూడు.

ప్రశ్న అడిగినవారు:

చూశాను అన్నా. రెండు చివరలూ ఒకేలా ఉన్నాయి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-గోధుమ, గోధుమ. నాలుగు కేబుళ్లూ ఇంతే. మిస్త్రీ బిగించేటప్పుడు ఒడియాలో "కమళా, సబుజ, నీళ" (నారింజ, ఆకుపచ్చ, నీలం) అని పాటలా చదువుకుంటూ బిగించాడు, నాకు బాగా గుర్తు.

జవాబు, రాయగడ నుంచి:

దొరికింది. ఆ పాటే కొంప ముంచింది.

మూడు, ఆరు పిన్నులు కలిపి ఒక జత. నాలుగు, ఐదు ఇంకో జత. నీ ప్లగ్గులో మూడులో తెలుపు-ఆకుపచ్చ, ఆరులో నీలం ఉన్నాయి. అవి జంట కావు. నాలుగు, ఐదుల్లోనూ అంతే. రెండు చివరలూ ఒకే తప్పు చేశాడు కాబట్టి టెస్టర్‌కి అన్నీ సవ్యంగానే కనిపించాయి. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు.

ప్లగ్గులో రంగులు పేర్చే ప్రామాణిక పద్ధతుల్లో ఒకటైన బీ పద్ధతి (T568B) వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. అంటే ఆకుపచ్చ జత నీలం జతకి అటూ ఇటూ కూర్చోవాలి. 100 స్పీడుకి ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులు చాలు. 1000 కావాలంటే నాలుగు జతలూ సరిగ్గా ఉండాలి. అందుకే నీకు 100 దగ్గరే ఆగిపోతోంది, అదీ ఏడుస్తూ.

ఎనిమిది ప్లగ్గులూ కోసి కొత్తవి కొట్టించు. ప్లగ్గు దగ్గర మెలిక అర అంగుళం కన్నా ఎక్కువ విప్పనివ్వకు.

ప్రశ్న అడిగినవారు:

ఆదివారం దగ్గర కూర్చుని కొట్టించాను. మూడు సిస్టమ్‌లు 1000కి వచ్చేశాయి! నాలుగోది మాత్రం ఇంకా 100. దానికి టెస్టర్‌లో ఏడో లైటు వెలగట్లేదు. నిజం చెప్పాలంటే మొదటిసారి మిస్త్రీ మూడే చూపించాడు, నాలుగోది అడిగితే బండికి టైమైంది అన్నాడు. కొత్త ప్లగ్గు రెండుసార్లు మార్చినా అంతే.

జవాబు, గుణుపూర్ నుంచి:

మాస్టారూ, తీగ మధ్యలో తెగి ఉంటుంది. నా దగ్గర పొడవు చూపించే టెస్టర్ ఉంది, రేపు పర్లాకిమిడి ట్రైన్‌కి వస్తున్నాను, పట్టుకొస్తాను. అది తీగలోకి ఒక పల్స్ పంపి, తెగిన చోట తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైము చూసి దూరం లెక్కగడుతుంది. బావిలో రాయి వేసి లోతు అంచనా కట్టినట్టు.

ఈలోగా ఒక పని చేసి ఉంచండి. కేబుల్ తొడుగు మీద మీటర్ల అంకెలు అచ్చు వేసి ఉంటాయి, రెండు చివరలా ఏమున్నాయో రాసుకోండి. నా మీటర్ చెప్పేది నిజమో కాదో దాంతో సరిచూసుకోవాలి. ఒక్కో కేబుల్‌లో సిగ్నల్ వేగం ఒక్కోలా ఉంటుంది, ఆ సెట్టింగ్ తప్పితే దూరమూ తప్పే.

ప్రశ్న అడిగినవారు:

గుణుపూర్ అన్నయ్య వచ్చి వెళ్లారు, టీ కూడా సరిగ్గా తాగలేదు. తొడుగు మీద అంకెలు 212, 243. అంటే 31 మీటర్లు. మీటర్ మొదట 34 చూపించింది, సెట్టింగ్ సరిచేసి 31కి తెచ్చారు. తర్వాత మేడ మీద నుంచి చూస్తే మూడు జతలు 31, గోధుమ జత మాత్రం 6. టేపు పట్టుకుని కొలుచుకుంటూ పోతే సరిగ్గా మెట్ల మలుపు. అక్కడ క్లిప్పు మేకు కేబుల్ పక్క నుంచి పోవాల్సింది, నడిమధ్య నుంచి పోయింది! ఒక చిన్న చుక్కంత రంధ్రం, పైకి ఏమీ కనబడదు. ఆ ఒక్క కేబుల్ కొత్తది లాగించాను. ఇప్పుడు నాలుగూ 1000.

ఇంతకీ టెస్టర్ కొనమంటారా, వద్దా?

జవాబు, రాయగడ నుంచి:

నాలుగు కంప్యూటర్లకి లైట్ల టెస్టరూ నీ కళ్లూ చాలు. పొడవు చూపించేది కొన్ని వేలు అవుతుంది, రోజూ ఇదే పని చేసేవాళ్లకి గిట్టుబాటు. కేబుల్ ఇంత స్పీడుకి పాస్ అని కాగితం మీద సర్టిఫికెట్ ఇచ్చేవి లక్షల్లో ఉంటాయి, వాటి జోలికి మనం ఎందుకు.

టెస్టర్ పెట్టేముందు రెండో చివర స్విచ్ నుంచి పీకేశావో లేదో చూసుకో. కెమెరాలకి కరెంటు పంపే అడాప్టర్లు కొన్ని అవతల ఏముందో అడక్కుండానే 24 వోల్టులో 48 వోల్టులో తోసేస్తాయి. నా మొదటి టెస్టర్ అలాగే పొగలు కక్కింది. లైట్లు మసకగా వెలిగితే కేబుల్‌ని తిట్టకు, బ్యాటరీ మార్చు.

అన్నట్టు తమ్ముడూ, నీ పాత స్విచ్ బాగానే ఉండి ఉంటుంది. పారెయ్యలేదు కదా?

ప్రశ్న అడిగినవారు:

పాడైపోయిందనుకుని నిన్ననే పక్క మెడికల్ షాపు అతనికి ఊరికే ఇచ్చేశాను. బ్రహ్మాండంగా పనిచేస్తోందట.