మూత్రపిండ మార్పిడి తర్వాత సంతానం కోసం ఎంతకాలం ఆగాలి?

ప్రశ్న:
నా భార్యకు మూత్రపిండ మార్పిడి జరిగి 8 నెలలైంది. డయాలసిస్ కాలంలో ఆగిపోయిన నెలసరి ఇప్పుడు క్రమంగా వస్తోంది. కొత్త మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా ఆమె టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ అనే మందులు వాడుతోంది. మేము బిడ్డ కోసం ప్రయత్నించవచ్చా? డాక్టరు గారి దగ్గర ఈ మాట ఎత్తడానికి ఇద్దరికీ బిడియంగా ఉంది.

మొదటి సమాధానం:
దయచేసి ఇప్పుడే ప్రయత్నించకండి. మార్పిడి తర్వాత కొద్ది నెలల్లోనే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది కనుక గర్భనిరోధం తప్పనిసరి. మైకోఫెనోలేట్ వాడుతుండగా గర్భం వస్తే గర్భస్రావానికీ, శిశువు చెవులు, పెదవి వంటి భాగాల్లో లోపాలకూ అవకాశం పెరుగుతుంది. సాధారణంగా కనీసం 1 సంవత్సరం ఆగి, క్రియాటినిన్ (మూత్రపిండం పనితీరును తెలిపే రక్తపరీక్ష విలువ) నిలకడగా, రక్తపోటు అదుపులో, మూత్రంలో ప్రోటీన్ తక్కువగా ఉన్నాయని నిర్ధారించుకున్నాక, గర్భధారణకు కనీసం 6 వారాల ముందే మైకోఫెనోలేట్‌ను మాన్పించి, ఎక్కువగా అజాథయోప్రిన్ అనే మరో మందుకు మారుస్తారు. మీ అంతట మీరు మానేస్తే శరీరం కొత్త మూత్రపిండాన్ని తిరస్కరించవచ్చు.

రెండో సమాధానం:
మార్పిడి పొందిన స్త్రీ 1958లోనే బిడ్డను కన్నది, కాబట్టి ఆశ వదులుకోకండి. అయితే నెలలు నిండకముందే ప్రసవం, గర్భవాతం (గర్భిణికి రక్తపోటు ప్రమాదకరంగా పెరగడం) ఎక్కువగా కనిపిస్తాయి.

మూడో సమాధానం:
నేను డయాలసిస్‌లో ఉన్న పురుషుణ్ణి. అంగస్తంభన సమస్యను రెండేళ్లు దాచుకుని, నా భార్యను అకారణంగా బాధపెట్టాను. టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గడం, రక్తహీనత, కొన్ని రక్తపోటు మందులు, దిగులు దీనికి కారణాలు కావచ్చని, చాలావరకు చికిత్స ఉందని అడిగాకే తెలిసింది. గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్ మందులు వాడేవారు మాత్రం అంగస్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ వేసుకోకూడదు. మాట్లాడటం కష్టమైతే, ప్రశ్నను కాగితంపై రాసి డాక్టరు గారికి ఇవ్వండి. నేను అలాగే చేశాను.