పబ్లిక్ హియరింగ్ ఎత్తేస్తే పనులు పరిగెడతాయా?

వంశధార గట్టు:
2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ, అదే ఊళ్లో జరిగే పబ్లిక్ హియరింగ్, అక్కర్లేదు. లీజు ఎన్ని ఎకరాలైనా ఫైలు ఢిల్లీలోనే తేలుతుంది. మనకేటి సంబంధం అనుకోకండి. గనుల చట్టం మొదటి షెడ్యూలు బి భాగంలో బీచ్ శాండ్ ఖనిజాలు ఉన్నాయి: ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్. మన శ్రీకాకుళం జిల్లా గార మండలం తీరంలో ఉన్నది ఆ ఇసుకే. రేపు అక్కడ లీజు ఇస్తే ఊళ్లో టెంటు వేసి అడగాల్సిన పనే లేదు. చట్టం మారిస్తే కనీసం పార్లమెంటులో నాలుగు మాటలైనా వినిపిస్తాయి, ఇది ఉత్త ఆఫీసు కాగితం. నేను దీనికి వ్యతిరేకం.

జీడితోట:
కంగారెందుకు మాస్టారూ? పోయింది హియరింగ్ ఒక్కటే. ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదిక, నిపుణుల కమిటీ, సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) అనుమతి అలాగే ఉన్నాయి. మన కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ పోయి బోట్లెక్కుతుంటే ఇక్కడ కాగితం కదలడానికే ఏళ్లు. అయినా హియరింగ్‌లో జరిగేదేటి? ముందు వరుసలో పార్టీల వాళ్లు, చుట్టూ పోలీసులు, మైకు కోసం కొట్లాట.

వంశధార గట్టు:
సీఆర్‌జెడ్ మీద ఆశ పెట్టుకోకండి. 2019 నోటిఫికేషన్ కూడా బి భాగం ఖనిజాల తవ్వకానికి వీలిచ్చింది. ఇక ఏళ్ల లెక్క. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం కంపెనీ అడిగిన 45 రోజుల్లో హియరింగ్ పూర్తవ్వాలి, అందులోనే 30 రోజుల నోటీసు కూడా. ఆ తర్వాత కమిటీకి 60 రోజులు, శాఖ నిర్ణయానికి 45. అన్నీ కలిపితే 150. మిగతా ఆలస్యమంతా భూసేకరణలో, బ్యాంకు అప్పులో, తప్పుల తడక నివేదికలో. భూసేకరణలో మన రాష్ట్రం 2018లోనే సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా తప్పించే వీలు చేసుకుంది. ఊరికి మిగిలిన నోరు ఈ హియరింగే.

నౌపడ ఉప్పుమడి:
ఆ తడక ఎలా పుడుతుందో చెప్తాను. నివేదికకు డేటా ఒక్క సీజనుదే చాలు, అదీ వానాకాలం తప్ప. వాన దుమ్మును అణిచేసి గాలి శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ఆ నెలలు వద్దన్నారు. గాలి వరకు అది సబబే. కానీ అదే నియమం బీలకి, అంటే చిత్తడి నేలకి, పెడితే? సోంపేట, కవిటి, కంచిలి మధ్య ఆ తంపర నేల బీలగా కనిపించేదే వానలకు. మార్చి నుంచి మే వరకు కొలిస్తే ఎండిన బయలు, కాగితంలో బంజరు. వలస పక్షులు దిగే తేలినీలాపురంలోనూ అంతే. పెలికాన్లు, రంగు కొంగలు వానల చివర్లో దిగి వేసవి ముదిరే సరికి ఎగిరిపోతాయి. మేలో లెక్క పెట్టినోడికి ఖాళీ చింతచెట్లే. ఈ తేడా పట్టుకునేది ఆ నేల మీద తిరిగే మనిషే, హైదరాబాదు కన్సల్టెంటు కాదు.

జీడితోట:
సోంపేటలో థర్మల్ ప్లాంటుకు హియరింగ్ జరిగింది కదా! జరిగినా 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మరి హియరింగ్ ఏం ఆపింది?

నౌపడ ఉప్పుమడి:
ఆపలేదు. విని పక్కన పెట్టారు. కానీ ఆ రోజే ఢిల్లీలో పర్యావరణ అప్పీలు అథారిటీ అనుమతిని రద్దు చేసింది. 2,640 మెగావాట్ల ప్లాంటు అక్కడితో సరి. మాట వినకపోతే ఎంత నష్టమో చెప్పే ఉదాహరణ అది, హియరింగ్ తీసెయ్యమనడానికి కాదు. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్లీ అదే కథ, కాల్పులు.

కలెక్టరాఫీసు రోడ్డు:
వాదన సరే, హియరింగ్ ఉన్నచోట పని సరిగ్గా చేస్తున్నామా? నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో ఉంటుంది. తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. అసలు పుస్తకం ఇంగ్లిషులో, వందల పేజీలు. ముందు డేటా ఏ నెలల్లో తీశారో, పది కిలోమీటర్ల పరిధి మ్యాపులో చెరువులు, గెడ్డలు ఉన్నాయో లేదో చూడండి. అరుపులు మినిట్స్‌లోకి, అంటే హియరింగ్ రికార్డులోకి, ఎక్కవు. పేజీ నంబరు వేసి రాసివ్వండి, రసీదు తీసుకోండి. చివర్లో అభ్యంతరాలు తెలుగులో చదివి వినిపించాలి. అది వినకుండా టెంటు కదలొద్దు, చాలామంది భోజనాల వేళకే వెళ్లిపోతారు. అనుమతి వచ్చేస్తే చెన్నై గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు గడువు, గట్టి కారణం చూపిస్తే ఇంకో 60.

జీడితోట:
ఇది ఒప్పుకుంటాను. రెండు సీజన్ల డేటా ముందే తీస్తే తర్వాత కోర్టుల్లో అన్నేళ్లు పోవు. కానీ గడువు మీద గడువు పెంచడం నాకు ఇష్టం లేదు.

వంశధార గట్టు:
గడువు పెంచమని ఎవరన్నారు తమ్ముడూ? ఉన్న 45 రోజులు తియ్యొద్దంటున్నాం. గార తీరంలో మినిట్సే ఉండవు. ట్రిబ్యునల్‌కి ఏ కాగితం పట్టుకెళ్తారో చెప్పు.