క్లచ్ మార్చాక గేరు అరుస్తోంది: గేరుబాక్స్ విప్పాలా, క్లచ్చే మళ్ళీ చూడాలా?

హనుమకొండ డీజిల్:
మాది పదకొండేళ్ళ డీజిల్ కారు, 1,28,000 కిలోమీటర్లు తిరిగింది. మేడారం జాతరకు పోయినప్పుడు పస్రా దాటాక మూడు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. తిరుగు ప్రయాణంలో క్లచ్ కాలిన వాసన. ములుగు వచ్చేసరికి ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు. ఇంటికి రాగానే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ మార్పించాను. లాగుడు బాగైంది. కానీ ఆ రోజు నుంచే రివర్స్ వేస్తే కర్‌ర్‌మని అరుస్తోంది. ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ గేరు గట్టిగా తోస్తే గానీ పడట్లేదు. కదిలాక మిగతా గేర్లు ఫర్వాలేదు.

మేస్త్రి ఏమో "లోపల సింక్రో రింగులు (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగులు) పోయాయి, గేరుబాక్స్ విప్పాలి, 22 వేలు అవుతుంది" అంటున్నాడు. మా బావ ఏమో "కొత్త క్లచ్ కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సెట్ అవుతుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఉగాదికి అమ్మను ఊరికి తీసుకుపోవాలి, టెన్షన్‌గా ఉంది.

జగిత్యాల ట్యాక్సీ:
తమ్ముడూ, మేస్త్రి మాటను అంత తేలిగ్గా తీసేయకు. నా బండికీ క్లచ్ మార్చాకే గరగర మొదలైంది. నేనూ క్లచ్ పనిలోనే తప్పుందని రెండు నెలలు వాళ్ళతో కొట్లాడాను, రెండుసార్లు గేరుబాక్స్ దింపించాను. చివరికి పోయింది థర్డ్ గేరు సింక్రో రింగు. లక్ష దాటిన బండిలో ఆ రింగులు అరిగే ఉంటాయి. పాత క్లచ్ జారుతున్నన్నాళ్ళూ మనం బండిని మెల్లగా నడుపుతాం కాబట్టి బయటపడదు.

కాజీపేట మెకానిక్:
జగిత్యాల అన్న చెప్పింది ఆయన బండి విషయంలో నిజమే. ఆయనకు అరిచింది ఒక్క థర్డ్, అదీ బండి పరుగు మీద ఉన్నప్పుడు. ఇక్కడ అరుస్తున్నది ఆగి ఉన్న బండిలో రివర్స్, దానికి తోడు ఫస్ట్ బిగుసుకుంటోంది. ఆయన బండిదీ నీ బండిదీ ఒకే జబ్బు కాదు.

చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు. లేని రింగు పోయి రివర్స్ ఎలా అరుస్తుంది? పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంజన్ చివర తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్‌ను విడవకపోతే, గేరుబాక్స్‌లోకి వెళ్ళే షాఫ్టు ఇంజన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. తిరిగే పళ్ళను ఆగి ఉన్న పళ్ళలోకి తోస్తున్నావు, అందుకే ఆ అరుపు. ఫస్ట్‌కు సింక్రో ఉంది కాబట్టి అది షాఫ్టును ఆపడానికి పెనుగులాడుతుంది, చేతికి బిగువుగా తగులుతుంది.

ముందు ఇంటి దగ్గరే చూసుకో. చదునైన చోట, ముందూ వెనకా ఎవరూ లేకుండా, హ్యాండ్‌బ్రేక్ వేసి, కుడికాలు బ్రేక్ మీద ఉంచి చెయ్యాలి. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడు. అప్పుడు మెత్తగా పడి, ఇంజన్ నడుస్తుంటేనే ఇబ్బంది అంటే సగం జవాబు దొరికినట్టే. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి పది సెకన్లు అలాగే పట్టి, అప్పుడు రివర్స్ వెయ్యి. బాగున్న బండిలో ఆ పది సెకన్లలో షాఫ్టు ఆగిపోతుంది, చప్పుడు రాదు. అప్పటికీ అరిస్తే క్లచ్ వదలట్లేదనే అర్థం. (తొక్కిన వెంటనే రివర్స్ వేస్తే మంచి బండి కూడా ఒక్కోసారి కిర్రుమంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.) చివరగా పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా తొక్కి వదిలి, ఆఖరిసారి తొక్కి పట్టి రివర్స్ వెయ్యి. ఈసారి మెత్తగా పడితే క్లచ్ ఫ్లూయిడ్ లైనులో గాలి ఉంది, లేదా క్లచ్ సిలిండర్ ప్రెషర్ నిలపట్లేదు.

మీ బావగారి సలహా మాత్రం దయచేసి వినకండి. కొత్త ప్లేటు పట్టు కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది, నిజమే. వదలని క్లచ్ తిరిగినంత మాత్రాన వదలడం నేర్చుకోదు. అరిచిన ప్రతిసారీ పళ్ళ అంచులు కొరుక్కుపోతాయి. ఈ రోజు లేని గేరుబాక్స్ ఖర్చును మనమే తెచ్చుకున్నట్టవుతుంది.

కరీంనగర్ ఆల్టో:
నా ఆల్టో 800కు కేబుల్ క్లచ్. మార్చాక ఇదే గోల. కేబుల్ చివర నట్టు వదులుగా వదిలేశారు, పెడల్ సగం దాకా ఊరికే పోయేది. నట్టు తిప్పి, కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఆట (పెడల్ ఊరికే కదిలే ఖాళీ) ఉంచగానే సరైంది. పదినిమిషాల పని. మరీ బిగిస్తే కొత్త క్లచ్ జారి కాలుతుంది, అదొక్కటి జాగ్రత్త.

జగిత్యాల ట్యాక్సీ:
మెకానిక్ తమ్ముడు చెప్పిన తేడా ఒప్పుకుంటున్నా, నా బండి రివర్స్‌లో ఎప్పుడూ అరవలేదు. కానీ ఒక మాట మిగిలింది. ఇంజన్ ముందు అడ్డంగా ఉండే బండ్లలో గేరుబాక్స్ దింపాలంటే యాక్సిళ్ళు లాగాలి, లాగితే గేరు ఆయిల్ కారిపోతుంది. తిరిగి ఎంత పోశారో, ఏది పోశారో అడిగారా? జీఎల్-4 రకం ఆయిల్ అడిగే గేరుబాక్స్‌లో జీఎల్-5 పోసే వాళ్ళున్నారు. జీఎల్-5లో గంధకం కలిసిన మందు ఎక్కువ, ఇత్తడి రింగులకు అది పడకపోవచ్చు.

హనుమకొండ డీజిల్:
అన్నలూ, రాత్రి గల్లీ ఖాళీ అయ్యాక చూశాను. ఇంజన్ ఆపితే ఐదు గేర్లూ, రివర్సూ వెన్నలా పడుతున్నాయి. పది సెకన్లు ఆగినా రివర్స్ అరిచింది. నాలుగుసార్లు పెడల్ కొట్టి వేస్తే చప్పుడే లేదు! మాది హైడ్రాలిక్ క్లచ్, కేబుల్ కాదు, ఫ్లూయిడ్ ప్రెషర్ మీద పనిచేసేది.

కాజీపేట మెకానిక్:
అయితే గేరుబాక్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు బ్లీడింగ్ చేయించు, అంటే లైనులో గాలి తీయించు. గాలి వదిలే నిపుల్‌కు తెల్ల ట్యూబు పెట్టి, రెండో చివర ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు నిపుల్ వదులు చెయ్యాలి. నిపుల్ బిగించేదాకా పెడల్ వదలకూడదు. బుడగలు ఆగేదాకా ఇదే పని. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే, క్లచ్ గొట్టం కాస్త పైన ఉంటుంది. ఫ్లూయిడ్ తగ్గితే ముందు క్లచ్‌లోకే గాలి పోతుంది, అందుకని డబ్బా నింపుతూ ఉండాలి.

రెండు రోజుల్లో జబ్బు తిరిగొస్తే, గేరుబాక్స్ పక్కన క్లచ్‌ను తోసే స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూడు. ప్లేటు అరిగేకొద్దీ ఆ సిలిండర్ పిస్టన్ లోపలికి జరుగుతూ పోతుంది. కొత్త ప్లేటు పడగానే మళ్ళీ బయటి వైపు వచ్చి పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి వాడని ఆ చోట తుప్పూ మట్టీ ఉంటాయి, పిస్టన్ మీది పాత రబ్బరు వాషర్ అక్కడ రాసుకుని కోసుకుపోతుంది. "క్లచ్ మార్చక ముందు బాగానే ఉంది కదా" అని అందరూ అడిగేది ఇందుకే.

సిలిండర్ కూడా బాగుండి, గాలి లేకుండానే ఇలా ఉంటే మాత్రం క్లచ్ దింపక తప్పదు. జాకీ ఆధారం లేకుండా గేరుబాక్స్ బరువంతా ప్లేటు మీద వేలాడదీసి ఎక్కిస్తే ప్లేటు మధ్యభాగం వంగుతుంది. అది మాత్రం పూర్తిగా మేస్త్రి తప్పే, ఖర్చూ ఆయనదే.

హనుమకొండ డీజిల్:
బ్లీడింగ్ అయ్యాక ఒకరోజు బాగుంది, రెండోనాడు సాయంత్రానికి మళ్ళీ మొదలైంది. మీరన్నట్టే టోపీ ఎత్తాను. లోపల నల్లటి తడి, వేలితో రాస్తే జిగటగా ఫ్లూయిడ్. డబ్బాలో ఫ్లూయిడ్ గీత కిందకు పోయింది. ఫోటో తీసి అదే మేస్త్రికి చూపించాను. ఆయన కాసేపు చూసి గేరుబాక్స్ మాట మళ్ళీ ఎత్తలేదు. సిలిండర్ ధర 1,150 మాత్రం తీసుకుని, కూలి తీసుకోకుండా మార్చాడు.

జగిత్యాల అన్నా, మీ మాట కూడా మనసులో ఉండి గేరు ఆయిల్ నింపే బోల్టు విప్పించాను. అంచు దాకా ఉండాల్సిన ఆయిల్‌కు వేలు లోపలికి పెట్టినా తగల్లేదు. అర లీటరు దాకా పట్టింది, పుస్తకంలో రాసిన జీఎల్-4 దగ్గరుండి పోయించాను. ఐదు రోజులైంది. రివర్స్‌లో చప్పుడు లేదు, ఫస్ట్ రెండు వేళ్ళతో పడుతోంది.