4ఎల్60ఇ గేర్‌బాక్స్: దించకుండా, 250 డాలర్లలో షిఫ్టులు గట్టిపడాలంటే?

పాతటాహో:
2003 చెవీ టాహో, 5.3 వీ8, టూ వీల్ డ్రైవ్, 1,48,000 మైళ్లు. గేర్‌బాక్స్ 4ఎల్60ఇ (జీఎం వాళ్ల నాలుగు గేర్ల ఆటోమేటిక్), ఇంతవరకు ఎవరూ విప్పినట్టు లేదు. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు సాగుతోంది. కాలు కాస్త గట్టిగా వేస్తే ఆర్‌పీఎం ఓ 300 ఎగిరి, అప్పుడు రెండు పడుతోంది. మూడు, నాలుగు బాగానే పడుతున్నాయి. చెక్ ఇంజిన్ లైటు లేదు. ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. జాక్ స్టాండ్ల మీద ఇంట్లోనే చేసుకోవాలి, 250 డాలర్లు దాటకూడదు. ఆన్‌లైన్లో 15 డాలర్లకి రెసిస్టర్ ఒకటి అమ్ముతున్నారు, వైరుకి తగిలిస్తే షిఫ్టులు గట్టిపడతాయట. అది చాలా, లేక షిఫ్ట్ కిట్ (గేర్లు గట్టిగా పడేలా లోపల మార్చే భాగాల సెట్) వేయాలా? సాయానికి బామ్మర్ది ఉన్నాడు. ఉండేది హ్యూస్టన్.

వాల్వ్‌బాడీ:
రెసిస్టర్ జోలికి పోకండి. ఈ బాక్సులో ఆయిల్ ప్రెషర్‌ని నడిపేది ఈపీసీ సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్), అది తిరగేసి పనిచేస్తుంది. కరెంటు 1 ఆంపియర్ దగ్గర ఉంటే ప్రెషర్ తక్కువ, కరెంటు సున్నాకి దిగితే ప్రెషర్ పూర్తిగా ఎక్కుతుంది. రెసిస్టర్ చేసేదల్లా కరెంటు తగ్గించడం. అంటే ట్రాఫిక్‌లో మెల్లగా పాకుతున్నా, గ్యాస్ ఫుల్లుగా తొక్కినా ఒకేలా ప్రెషర్ పెంచుతుంది. పీసీఎం (బండి కంప్యూటర్) అడిగిన కరెంటుకీ వెళ్తున్న కరెంటుకీ తేడా ఎక్కువైతే పీ0748 కోడ్ కూడా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీది మెత్తగా పడుతున్న షిఫ్టు కాదు. ఆర్‌పీఎం ఎగిరిందంటే బ్యాండ్ (డ్రమ్ము చుట్టూ బిగిసి గేరుని పట్టే పట్టీ) జారుతోంది, బాక్సు లోపలే ఎక్కడో ఆయిల్ లీకవుతోంది. లీకు ఉన్నచోట ప్రెషర్ పెంచితే ఇంకాస్త లీకవుతుంది, అంతే.

రెండో గేరుకి 2-4 బ్యాండ్‌ని బిగించేది సర్వో, అంటే ఆయిల్ ప్రెషర్‌తో నడిచే పిస్టన్. అదే ఆయిల్‌లో కొంత 1-2 అక్యుములేటర్‌లోకి వెళ్లి షిఫ్టుని మెత్తబరుస్తుంది. ఆ అక్యుములేటర్ పిస్టన్ ఒక పిన్ను మీద జారుతుంది. మైళ్లు తిరిగేకొద్దీ పిన్ను బొక్క అరిగి వెడల్పవుతుంది, ఆయిల్ అక్కడినుంచి కారిపోతుంది, బ్యాండ్‌కి అందాల్సిన ప్రెషర్ ఆలస్యంగా అందుతుంది. సోనాక్స్ వాళ్లు పిన్ను లేకుండా నడిచే పిస్టన్ అమ్ముతున్నారు. మీకు ముందు కావలసింది అది.

రెండోది కార్వెట్ సర్వో, జీఎం నంబరు 8642473. రెండో గేరు వైపు పిస్టన్ పెద్దది కాబట్టి అదే ప్రెషర్‌కి బ్యాండ్‌ని ఎక్కువ బలంతో పట్టుకుంటుంది. ఈ రెండూ, ఫిల్టర్, గాస్కెట్, ఏడు క్వార్టుల డెక్స్‌రాన్-6 గేర్‌బాక్స్ ఆయిల్ కలిపితే మీ బడ్జెట్‌లో ఇంకా మిగులుతుంది.

పాన్ విప్పగానే ముందు అయస్కాంతం చూడండి. బూడిదరంగు పేస్టు ఉంటే మామూలే. ఇనుప పెచ్చులో, నల్లటి క్లచ్ పొట్టో దండిగా ఉంటే అక్కడే ఆపేయండి, ఆ బాక్సుకి ఏ కిట్టూ పనిచేయదు.

స్నాప్‌రింగ్:
పైన చెప్పినదానికి పని వివరాలు.

1-2 అక్యుములేటర్ వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఎటు పంపాలో తేల్చే వాల్వుల దిమ్మ) పక్కన విడి గిన్నెలా బోల్టులతో ఉంటుంది, వాల్వ్ బాడీ దించక్కర్లేదు. పాత పిస్టన్, స్ప్రింగులు ఏ వరుసలో వచ్చాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. గిన్నె లోపల వేలు తిప్పి చూడండి, గోరుకి తగిలే గీత ఉంటే కొత్త పిస్టన్ సీలు కూడా ఎక్కువకాలం ఆగదు, గిన్నె కూడా మార్చాలి.

సర్వో బండికి ప్యాసింజర్ వైపు, కేసు బయట, స్నాప్ రింగ్‌తో ఉంటుంది. ఎగ్జాస్ట్ గొట్టం అక్కడే కాబట్టి ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టండి. కవర్‌ని లోపలికి నొక్కిపట్టి రింగు తీయాలి, ఈ ఒక్కచోటే బామ్మర్ది అవసరం. కవర్ ఓ-రింగ్ ఇరవై ఏళ్లుగా అతుక్కుపోయి ఉంటుంది, లాగొద్దు, ప్లయర్స్‌తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే కదులుతుంది. పాత పిన్నునే కొత్త సర్వోలో వాడండి. పిన్నుల్లో పొడవు తేడాలుంటాయి, పొట్టిది పడితే బ్యాండ్ పట్టదు, పొడవుది పడితే ఎప్పుడూ రాసుకుంటూ మాడుతుంది.

సీళ్ల విషయంలో తొందరపడకండి. మూడో గేరు పడేటప్పుడు 3-4 క్లచ్‌కి (మూడు, నాలుగు గేర్లని పట్టేది) వెళ్లే ఆయిలే సర్వోని వెనక్కి నెట్టి బ్యాండ్‌ని వదిలిస్తుంది. సర్వో సీలు ఒకటి తెగిందంటే రెండో గేరు బాగుపడి, కొన్నాళ్లకి 3-4 క్లచ్ మాడుతుంది. ఈ బాక్సులో ముందే బలహీనమైనది అదే.

ఫిల్టర్ లాగినప్పుడు దాని సీలు పంపు బొక్కలోనే ఉండిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి తీస్తే బొక్క గోడకి గీత పడుతుంది, ఆ గీతలోంచి గాలి పీల్చి పంపు ఈల వేస్తుంది. సీలుని లోపలికి మడిచి తీయండి.

పాన్ బోల్టులూ, వాల్వ్ బాడీ బోల్టులూ 97 ఇంచ్-పౌండ్లు, అంటే 8 ఫుట్-పౌండ్లు. ఇంచ్-పౌండ్ రెంచి అద్దెకి దొరుకుతుంది. చేతి అంచనాతో బిగించొద్దు.

గట్టిగేరు:
ఎలాగూ పాన్ విప్పుతున్నారు కదా అన్నా, ట్రాన్స్‌గో షిఫ్ట్ కిట్ కూడా వేసేయ్. వాల్వ్ బాడీకీ కేసుకీ మధ్యనున్న ప్లేటులో రంధ్రాలు కాస్త పెద్దవి చేస్తే షిఫ్టు దెబ్బకి పడుతుంది. మళ్లీ మళ్లీ విప్పడమెందుకు?

వాల్వ్‌బాడీ:
వాల్వ్ బాడీ దించాలంటే పని రెట్టింపు, అదీ ఈయనకి తొలిసారి. సోలనాయిడ్ల ప్లాస్టిక్ క్లిప్పులు ఈ వయసుకి పెళుసుబారి ఉంటాయి, ఒకటి విరిగితే కొత్త హార్నెస్. ప్లేటు కిందికి వచ్చేటప్పుడు కేసు వైపు చెక్ బాల్ (ఆయిల్ దారి మూసే చిన్న గుండు) ఒకటి నేల మీద దొర్లుతుంది, అది ఎక్కడినుంచి పడిందో తెలియక తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది. గాస్కెట్లు కూడా రెండు, సీ గుర్తు ఉన్నది కేసు వైపు, వీ గుర్తు ఉన్నది వాల్వ్ బాడీ వైపు. తారుమారైతే దారులు మూసుకుపోతాయి. బాళ్లని అంటించడానికి వాసెలిన్ వాడాలి, బేరింగ్ గ్రీజు కరగదు.

రంధ్రాల సంగతి. 0.080 అంగుళాల రంధ్రాన్ని 0.100 చేస్తే చూడ్డానికి వెంట్రుకవాసి తేడా, కానీ వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. ఒకసారి తొలిచాక వెనక్కి లేదు, కొత్త ప్లేటు కొనాలి. కిట్టు కాగితంలో రాసిన సైజులు దాటొద్దు. అక్యుములేటర్‌ని పూర్తిగా మూసేసే పద్ధతి కూడా ఉంది. రోజూ ఆఫీసుకెళ్లే బండికి అది వద్దు, ఆ దెబ్బ వెళ్లి సన్ షెల్ (లోపలి సన్ గేరుని పట్టుకునే డ్రమ్ము) పళ్ల మీద పడుతుంది. షెల్ పోతే రెండు, నాలుగు, రివర్స్ మూడూ పోతాయి.

పాతటాహో:
థాంక్సండీ. పంపులో వేసే పెద్ద బూస్ట్ వాల్వ్ (ఆయిల్ ప్రెషర్ పెంచేది) గురించి కూడా చదివాను. ఫిల్టర్ తీస్తే అందుతుందట. అది కూడా ఇప్పుడే వేయనా?

స్నాప్‌రింగ్:
అందుతుంది, కానీ కొలవకుండా వేయకండి. కేసు ఎడమవైపు, షిఫ్ట్ లివరు పైన ప్రెషర్ ట్యాప్ ఉంది, 1/8 పైపు మర. 300 పీఎస్ఐ గేజి పెట్టి, బాక్సు వేడెక్కాక డ్రైవ్‌లో ఐడిల్ మీద చూడండి. 55-65 ఉంటే పంపు బాగున్నట్టే, బూస్ట్ వాల్వ్ అవసరం లేదు. తీసేదైతే స్నాప్ రింగ్ వెనక స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, ముఖం దాని కింద పెట్టకండి.

వాల్వ్‌బాడీ:
పని అయ్యాక పాత ప్రెషర్ అడాప్ట్‌లని (పీసీఎం నేర్చుకుని పెట్టుకున్న సవరణలు) స్కాన్ టూల్‌తో చెరిపేయండి. లేకపోతే లీకు కోసం పీసీఎం పెంచుకున్న ప్రెషరే కొత్త సర్వో మీద కూడా నడుస్తుంది, మొదటి రోజుల్లో షిఫ్టులు అనవసరంగా తంతాయి. పాన్ వరకే దించితే ఆయిల్ దాదాపు 5 క్వార్టులు పడుతుంది. 4 పోసి స్టార్ట్ చేసి, గేర్లన్నీ ఒకసారి తిప్పి, పార్క్‌లో ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది పోయండి. వేడెక్కాక మళ్లీ ఒకసారి చూడండి.