థెరపిస్ట్ దగ్గరికి మొదటిసారి: ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (మియాపూర్): చెల్లికి ఆందోళన ఎక్కువైంది. అమీర్‌పేటలో ఒక థెరపిస్ట్ ఉన్నారు. చదువు, పద్ధతి ఎలా తెలుసుకోవాలి?

జవాబు 1: బోర్డు మీద పేరు చూసి వెళ్లకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అడిగి ఆర్‌సీఐ సైట్‌లో సరిచూసుకోండి. ఒక్క ఎమ్మెస్సీ సైకాలజీతో అది రాదు. మందులు రాసేది సైకియాట్రిస్ట్ (మానసిక వైద్య డాక్టర్).

జవాబు 2: మొదటి సెషన్ సుమారు 45–60 నిమిషాలు. ఎక్కువగా ప్రశ్నలే: నిద్ర, ఆకలి, ఎప్పట్నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, థైరాయిడ్ చూపించారా. జీఏడీ-7 ఫారం (ఆందోళన ఎంతుందో చూసే ఏడు ప్రశ్నలు) ఇవ్వొచ్చు. 21కి 10 లేదా ఎక్కువ వస్తే లోతుగా చూస్తారు, అంతేగానీ ఆ అంకె ఒక్కటే జబ్బును తేల్చదు. గోప్యతకు హద్దులేమిటో ముందే చెప్పాలి. ప్రాణాపాయం ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్తారు. మీరు పక్కన కూర్చుంటే చెల్లి నోరు విప్పకపోవచ్చు, బయటే ఉండండి.

జవాబు 3: సీబీటీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకునే థెరపీ) అయితే ఇంట్లో చేయాల్సిన అభ్యాసాలు ఇస్తారు, చేయకపోతే బండి కదలదు. ఈలోగా అవసరమైతే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, ఉచితమే.